ఊకెనే నడిచిన వసంతం

జర్మనీలో నేను చదువుకున్న ఊరు చిన్నది. ఈ చివర రైల్వే స్టేషన్ దగ్గర బయల్దేరితే ఆ చివర కొండ మీద పాడుబడ్డ కోట దాకా నలభై నిమిషాల నడక. మధ్యలో ఒక ఏరు, దాని మీద రాతి వంతెన. కాలేజీ, లైబ్రరీ, కూరగాయల అంగడి, మందుల షాపు, అన్నీ కాళ్ళకు అందేంత దూరంలోనే ఉండేవి. రెండేళ్ళలో నేను అక్కడ బస్సెక్కింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

వెళ్ళిన కొత్తలో ఇదేమీ గొప్పగా అనిపించలేదు. అక్టోబర్‌లో దిగాను. నెల తిరక్కుండానే చీకటి కమ్ముకుంది. పొద్దున ఎనిమిదైతే గాని తెల్లారేది కాదు, సాయంత్రం క్లాసు అయి బయటికొస్తే అప్పటికే వీధి దీపాలు వెలిగి ఉండేవి. గదికి, కాలేజీకి మధ్య తల వంచుకుని నడిచేదాన్ని. నాకు నడక అంటే ముందు నుంచీ అంతే. తల వంచుకుని, తొందరగా, పని చూసుకుని రావడం.

సూరత్‌లో మాది లింబాయత్. బాపు ఇరవై ఏళ్ళ వయసులో కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి సాంచాల మీద పనికి కుదిరాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలనే అంటారు. పన్నెండు గంటల పాళీ, పన్నెండు గంటలూ నిలబడే. ఆ చప్పుడుకు ఆయన చెవులు నేను బడికి పోయే నాటికే సగం పోయాయి. ఇంట్లో మెల్లగా మాట్లాడినా కేకేసినట్టే ఉండేది. అమ్మ ఇంట్లోనే కూచుని చీరలకు రాళ్ళు అంటించేది. నేను మునిసిపాలిటీ వాళ్ళ తెలుగు బడిలో చదివి, తర్వాత హిందీలోకి, ఇంగ్లీషులోకి ఈదుకుంటూ పోయి, రంగుల కెమిస్ట్రీలో డిగ్రీ చేసి, స్కాలర్‌షిప్ మీద అక్కడికి చేరాను.

మా గల్లీలో ఆడపిల్ల గడప దాటితే అడుగడుక్కీ ఒకరు "ఏడికి?" అని అడుగుతారు. పాలకు, పిండి గిర్నీకి, ట్యూషన్‌కు. జవాబు చేతిలో పట్టుకునే బయటికి పోవాలి. పదోక్లాసులో ఉన్నప్పుడు ఒకసారి మూల మీద ఊరికే నిలబడి వాన చూశాను. నేను ఇల్లు చేరేలోపలే ఆ సంగతి అమ్మకు చేరింది.

జర్మనీలో ఆ మొదటి జనవరిలో నాకొక తెలుగు అమ్మాయి దొరికింది. అంగడిలో పెరుగు డబ్బాల ముందు నిలబడి ఫోన్లో "అమ్మా, ఇక్కడ పెరుగు తోడుకోవట్లేదే" అంటోంది. మూడు నెలలుగా ఇంటి ఫోన్లో తప్ప తెలుగు వినని చెవి నాది. ఆమె ఫోన్ పెట్టేసేదాకా పక్కనే నిలబడ్డాను.

"మీరు తెలుగా?" అన్నాను.

"అయ్యో, అవునండీ! మీదెక్కడ?"

"సూరత్."

ఆమె చేతిలోని డబ్బా జారిపోబోయింది. "నిజంగానా? మాదీ సూరతే! హజీరా. నాన్నగారు అక్కడ ప్లాంట్‌లో. టౌన్‌షిప్‌లోనే పుట్టి పెరిగాను. మీరెక్కడ?"

"లింబాయత్."

"అదెక్కడ?" అంది. ఎగతాళేమీ లేదు, నిజంగానే తెలీదు. పద్దెనిమిదేళ్ళు ఒకే ఊళ్ళో పెరిగాం. నాకు హజీరా అంటే రోడ్డు మీద పోయే తెల్లటి కంపెనీ బస్సులు, అద్దాల వెనక నిద్రపోయే తలలు. ఆమెకు లింబాయత్ అంటే అది కూడా లేదు.

ఆ వారంలోనే అడిగింది. "మీ నాన్నగారు ఏం చేస్తారు?"

"బట్టల లైన్ల ఉంటడు."

"ఓ, బిజినెస్సా?"

నేను నవ్వాను. అవునని అనలేదు, కాదనీ అనలేదు. చాలా కాలం ఆ నవ్వును అబద్ధాల్లో వేసుకోలేదు.

మార్చి నెల మధ్యలో ఒక ఆదివారం ఆమె వచ్చి నా గది తలుపు దబదబా కొట్టింది. "ఇంకా లోపలే ఉన్నావా? బయట ఎండ వచ్చింది, ఎండ! పద."

బయటికొస్తే ఊరు ఊరంతా వీధుల్లోనే ఉంది. నాలుగు నెలలు ఎక్కడ దాక్కున్నారో ఏమో, ముసలివాళ్ళు, పసిపిల్లలు, కుక్కలు, చేతికర్రల వాళ్ళు, తోపుడు బండ్లలో కవలలు. చలి ఇంకా పోలేదు, అయినా ఐస్‌క్రీమ్ దుకాణం ముందు వీధి మలుపు దాకా వరస. ఏటి ఒడ్డున గడ్డి మీద జనం బూట్లు విప్పి, కోట్లు పరచుకుని ముఖాలు ఎండకు పెట్టి పడుకున్నారు. గడ్డిలోంచి వేలెడంత ఊదా పూలు, పసుపు పూలు నేల పగలగొట్టుకుని వచ్చాయి. ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు. అది అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

"ఎక్కడికి పోదాం?" అన్నాను.

"ఎక్కడికీ లేదు. నడుద్దాం."

అట్లా మొదలైంది. ఆ రోజు నుంచి జూన్ దాకా మేము నడవని సాయంత్రం లేదు. వంతెన దాటి ఎడమకు తిరిగితే చెర్రీ చెట్ల వీధి. ఏప్రిల్‌లో పది రోజులు ఆ వీధికి ఆకాశం ఉండదు, అంతా గులాబీ రంగు పువ్వే. గాలి తోలితే కార్ల మీద, జుట్టులో, కాఫీ కప్పుల్లో రెక్కలు రాలేవి. కొండ మీదికి పోయే అడవి దారిలో నేలంతా వెల్లుల్లి వాసన. అక్కడ అడవి వెల్లుల్లి ఆకు పచ్చగా పరుచుకుని ఉంటుంది. వాళ్ళు దాన్ని నూరి రొట్టె మీద పూసుకుంటారు. మేము రెండు గుప్పిళ్ళు తెంపుకొచ్చి ఎండుమిర్చి వేసి పచ్చడి నూరాం. ఆమె ఒక ముద్ద తిని కళ్ళు మూసుకుంది. "గోంగూర కాదు గానీ, దాని చుట్టం" అంది.

నా నడక మారింది. తల ఎత్తి నడవడం వచ్చింది. చేతులు ఊపడం వచ్చింది. మధ్యలో ఆగి ఒక కిటికీ కింది పూలకుండీని చూస్తూ నిలబడితే వెనక నుంచి ఎవరూ ఏమీ అనరు. బెంచీ మీద ఒక్కదాన్నే కూచుని గంటసేపు నీళ్ళు చూస్తే ఎవరింటికీ కబురు పోదు. అప్పటిదాకా నా కాళ్ళు నావి కావని నాకు తెలియనే తెలియదు. ఇరవై మూడేళ్ళ వయసులో, పరాయి దేశంలో ఒక ఏటి ఒడ్డున అది తెలిసి ఏడుపొచ్చింది. పూల పుప్పొడి నాకు పడలేదేమో అనుకుని ఆమె రుమాలు ఇచ్చింది.

ఒక సాయంత్రం వంతెన మీద ఉన్నప్పుడు బాపు వీడియో కాల్ చేశాడు. ఎత్తితే తెర నిండా ఆయన ముఖం, జుట్టులో దూది పోగులు, బనీను, వెనక సాంచాల దడదడ. పక్కన ఆమె ఉంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కట్ చేశాను.

"ఎవరు?"

"రాంగ్ నంబర్."

మర్నాడు ఒక్కదాన్నే ఏటి దగ్గరికి పోయి నేనే చేశాను. బాపుకు ఆ రోజు సెలవు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అని అరిచాడు.

"నడుస్తున్న బాపూ."

"ఏడికి?"

"ఏడికి లేదు. ఊకెనే."

"ఊకెనేనా?" ఆయనకు నవ్వు ఆగలేదు. అమ్మను పిలిచి చెప్పాడు. "ఇనవడ్డదా? ఊకెనే నడుస్తున్నదట!" తర్వాత అడిగాడు, "జర చూపెట్టు."

ఫోన్ తిప్పి చూపించాను. నీళ్ళు, బాతులు, గడ్డి మీద జనం, పూసిన చెట్లు. ఆయన చూసి చూసి, ఫోన్‌ను చెవికి ఆనించుకున్నాడు. చివరికి మెల్లగా, ఆయనకు చేతనైనంత మెల్లగా అన్నాడు. "అసలు సప్పుడే లేదు గద బిడ్డా."

ఆ తర్వాత ప్రతి సెలవు రోజూ అడిగేవాడు. చెట్లు చూపెట్టు. ఆ ముసలాయన, ఆ కుక్క, వాళ్ళు నడుసుడు చూపెట్టు. వాళ్ళ కాళ్ళు చూసేవాడు. తన కాళ్ళకు నరాలు వానపాముల్లా ఉబ్బి, పాళీ నుంచి రాగానే వాటిని గోడకు ఎత్తిపెట్టి పడుకునే మనిషి. "మంచిగ నడుస్తున్నరు" అనేవాడు.

చదువు అయింది. అక్కడ ఉద్యోగం దొరకలేదు. వీసా గడువు అయిపోయింది, తిరిగొచ్చాను. ఆమెకు అక్కడే ఉద్యోగం వచ్చింది. మరుసటి ఫాల్గుణంలో సెలవు మీద హజీరాకు వచ్చి ఫోన్ చేసింది. "మా టౌన్‌షిప్‌లో కూడా నడిచే దారి ఉందని చెప్పాను గుర్తుందా? వేపచెట్లన్నీ కొత్తగా చిగురు వేశాయి. రా, మళ్ళీ ఒకసారి నడుద్దాం. అమ్మ కూడా నిన్ను చూడాలంటోంది."

ఫోన్ పెట్టేసరికి బాపు నా ముఖమే చూస్తున్నాడు. స్పీకర్‌లో పెట్టి మాట్లాడే అలవాటు నాది, ఆయన కోసం చేసుకున్నదే.

"హజీరాల చెట్లున్నయా?" అన్నాడు.

"ఉన్నయంట."

"ఎప్పుడు పోతున్నవ్?"

చెప్పాను. అది ఆయన సెలవు రోజే. "నేను గూడ వస్త. నీతో జర నడుస్త" అన్నాడు. ముప్పై ఏళ్ళు సూరత్‌లో ఉండి ఆయన ఇంకొకరి ఇంటికి వస్తానని అడగడం నేను వినలేదు. వద్దనడానికి నోరు రాలేదు.

ఆ పొద్దున తల నిండా నూనె పెట్టుకుని దువ్వుకున్నాడు. పెళ్ళిళ్ళకు తొడిగే తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి తొడుక్కున్నాడు. రెండు బస్సులు మారాం. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ, అది ఏం ఫ్యాక్టరీ, ఇది ఏం పైపు అని బస్సంతా వినేలా అడుగుతూనే ఉన్నాడు. జనం తిరిగి చూసినప్పుడల్లా నేను కిటికీ బయటికి చూశాను.

టౌన్‌షిప్ గేటు పెద్దది. లోపల నున్నటి రోడ్డు, రెండు పక్కలా చెట్లు, కత్తిరించిన గడ్డి. బాపు గేటు కమ్మీల్లోంచి తొంగిచూసి వెనక్కి వచ్చి, ముఖం కడుక్కుంటానని కుళాయి దగ్గరికి పోయాడు. అప్పుడే కాపలా అతను రిజిస్టరు తెరిచి అడిగాడు. ఎవరింటికి? చెప్పాను. ఎంతమంది?

వెనక కుళాయి చప్పుడు. బాపు గొంతు ఖంగుమని సవరించుకుంటున్నాడు. ఆ గొంతు ఆ ఇంటి హాల్లో ఎలా మోగుతుందో నాకు వినపడింది. ఆ చేతుల గీతల్లోని నల్లటి నూనె మరక, సబ్బుకు పోనిది, ఆ ఇంటి టీ కప్పు మీద కనపడింది.

"ఒక్కదాన్నే" అన్నాను.

బాపు దగ్గరికి పోయి చెప్పాను. "బాపూ, పాసు ఒక్కరికే ఇస్తరంట."

నీళ్ళు కారుతున్న ముఖంతో ఒక క్షణం నన్ను చూశాడు. "గట్లనా? సరే, నువ్ పో బిడ్డా. నేనీడ నీడకు కూసుంట."

అక్కడ నీడ లేదు. రోడ్డుకు అవతల బస్సు స్టాపు, సగం ఊడిన రేకు, దాని కింద విరిగిన సిమెంటు బల్ల. లోపలికి నడుస్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. బల్ల మీద చొక్కా మురికి కాకుండా రుమాలు పరుచుకుంటున్నాడు.

లోపల నిజంగానే బాగుంది. వేప చిగుళ్ళు రాగి రంగులో మెరుస్తున్నాయి. మామిడి పూత వాసన. కోకిల కూడా కూసింది. మేమిద్దరం ఆ దారిలో రెండు చుట్లు తిరిగాం. ఆమె అక్కడి ఊరి కబుర్లు చెప్పింది. ఐస్‌క్రీమ్ దుకాణం మూసేశారట, చెర్రీలు ఈ ఏడు తొందరగా పూస్తాయంటున్నారట. నేను ఊఁ కొట్టాను. వాళ్ళమ్మగారు పులిహోర, గారెలు చేసి పెట్టారు. మంచి మనిషి.

"మీ నాన్నగారిని కూడా తీసుకురావాల్సిందమ్మా" అన్నారు వడ్డిస్తూ. "మావారికి ఇక్కడ తెలుగులో నాలుగు మాటలు మాట్లాడేవాళ్ళే కరువు. కొట్టు ఏ మార్కెట్లో?"

"రింగు రోడ్డు మీద ఆంటీ" అన్నాను. నీళ్ళు తాగాను. ఇంకో గారె వేశారు, అదీ తిన్నాను.

మూడు గంటల తర్వాత ఆమె నన్ను గేటు దాకా దిగబెట్టింది. వద్దన్నా వినలేదు. గేటు దాటగానే బాపు బల్ల మీంచి లేచి రెండడుగులు ముందుకు వేశాడు. ముఖం ఎండకు కమిలి ఎర్రగా ఉంది. నన్ను చూసిన సంబరంలో నోరు తెరవబోయాడు.

"ఆయనెవరు? నీ కోసమేనా?" అంది ఆమె.

"మా గల్లీ ఆయన. ఇటు పని మీద వస్తుంటే తోడొచ్చాను."

సగం చెవులు పోయిన మనిషికి ఆ మాట వినపడింది. తెరిచిన నోరు మూసుకున్నాడు. రెండు చేతులూ జోడించి, కూతురి ఈడు పిల్లకు వంగి "నమస్తే మేడం" అన్నాడు.

"నమస్తే అండీ" అంది ఆమె.

బస్సు వచ్చింది. ఆయన పక్కకు తప్పుకుని నన్ను ముందు ఎక్కనిచ్చాడు. తాను వెనక తలుపులోంచి ఎక్కి ఆఖరు సీట్లో కూచున్నాడు. ఆమె స్టాపులో నిలబడి చేయి ఊపుతోంది. బస్సు మలుపు తిరిగింది, మూడు స్టాపులు దాటింది, ఆయన అక్కడే కూచున్నాడు. నేను లేచి పోయి పిలిస్తేనే జరిగి చోటిచ్చాడు.

"చెట్లెట్లున్నయ్?" అని అడిగాడు.

"మంచిగున్నయ్."

"మామిడి పూత వట్టిందా?"

"పట్టింది."

కొంచెం దూరం పోయాక కిటికీ వైపు తిరిగి అన్నాడు. "ఆ వాచ్‌మన్ మంచోడు. చాయ్ గూడ తాపిండు. ఎంతమందికైనా పాసిస్తం, మీరెందుకు పోలేదని అడిగిండు. నాకు ఈడనే గాలి మంచిగున్నదని చెప్పిన."

జీవితంలో మొదటిసారి బాపు నిజంగా మెల్లగా మాట్లాడటం విన్నాను. పక్క సీటు వాళ్ళకు కూడా వినపడలేదు.

ఆర్నెల్లు ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఒక రోజు ఉండబట్టలేక ఆమెకు మెసేజీ రాశాను. ఆ రోజు గేటు దగ్గర ఉన్నది మా నాన్న అని, కొట్టు లేదని, సాంచా కార్మికుడని. రాయడానికి గంట పట్టింది. జవాబు ఐదు నిమిషాల్లో వచ్చింది.

"నాకు అప్పుడే తెలుసు. అచ్చం నీ ముఖమే కదా. నీ ఫోన్లో మగ్గాల చప్పుడు అక్కడ ఉన్నప్పుడు చాలాసార్లు విన్నాను. నువ్వు చెప్పలేదు కాబట్టి నేను అడగలేదు. నిన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక ఊరుకున్నాను."

ఆ మర్యాద చదివి ఒళ్ళు మండిపోయింది. అంటే ఆ గేటు ముందు నిలబడ్డ ముగ్గురికీ తెలుసు. ముగ్గురమూ తెలిసే నటించాం. "లోపలికి రండి అంకుల్" అని ఆమె ఒక్క మాట అని ఉంటే ఏం పోయేది అనుకున్నాను. చాలా రోజులు ఆ కోపాన్నే పట్టుకుని వేలాడాను, నా మీద నాకు రావాల్సింది ఆమె మీద పోసి. జవాబు రాయలేదు. ఆమె కూడా మళ్ళీ రాయలేదు. ఆ ఏటి ఒడ్డు నడకలన్నీ అక్కడితో తెగిపోయాయి. ఇప్పుడు వాటిని తలుచుకుందామన్నా మధ్యలో ఆ సిమెంటు బల్ల వచ్చి కూచుంటుంది.

బాపుతో కూడా చెప్పడానికి చూశాను. ఆయన పాళీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాడు.

"బాపూ, ఆనాడు హజీరాల నేను..."

"గదెప్పటి ముచ్చట" అన్నాడు. తువ్వాల భుజాన వేసుకుని, నేను రెండో మాట అనేలోపలే గల్లీ మలుపు దాటాడు. రోజూ కంటే తొందరగా నడిచాడు, ఆ కాళ్ళతోనే.

ఇప్పుడు నేను సూరత్ పక్కనే పల్సానాలో ఒక రంగుల మిల్లు లాబ్‌లో పనిచేస్తున్నాను. రెండు గదుల ఇల్లు తీసుకున్నాం. బాపు సాంచాలు మానేశాడు. మొన్న మా మేనేజరు, ఆయన భార్య తమ కూతురి పెళ్ళి కార్డు ఇవ్వడానికి వస్తున్నామని ఫోన్ చేశారు. నేను కుర్చీలు సర్దుతున్నాను. బాపు ఎవరూ చెప్పకుండానే లేచి, చొక్కా తొడుక్కుని, బయటికి పోయి పాన్ డబ్బా దగ్గర నిలబడ్డాడు. ఎవరు వచ్చినా అంతే, ఏడాదిగా ఇదే వరస.

నేను పోయి చెయ్యి పట్టుకున్నాను. "బాపూ, ఇంట్లకు రా. వాళ్ళు నిన్ను గూడ చూడాలె."

"వాళ్ళొచ్చి పోనీ బిడ్డా" అన్నాడు. "నాకు ఈడనే గాలి మంచిగున్నది."

మేనేజరు కారు మా గల్లీలోకి తిరిగింది. బాపు నా చెయ్యి విడిపించుకుని, నాకు ఏమీ కాని మనిషిలా నాలుగడుగులు దూరం జరిగాడు.